ఐదు ఫ్యాన్లలో ఒకటి తీసేశాక

నా కంప్యూటర్ క్యాబినెట్‌లో అప్పటికే ఐదు ఫ్యాన్లున్నాయి. ముందు రెండు గాలిని లోపలికి లాగుతాయి, పైన రెండు, వెనక ఒకటి బయటికి తోస్తాయి. అన్నీ 120 మిల్లీమీటర్లవే. అయినా పావుగంట గేమ్ ఆడితే గ్రాఫిక్స్ కార్డు 80 డిగ్రీలు దాటేది, చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. ఆరో ఫ్యాన్ కొనే ముందు ఉన్న ఐదూ ఏం వెలగబెడుతున్నాయో చూద్దామని సైడ్ ప్యానెల్ విప్పాను. పని పూర్తయ్యేసరికి నాలుగే మిగిలాయి, కార్డు వేడి 8 డిగ్రీలు తగ్గింది.

ముందుగా కొలత సంగతి. ఇక్కడ తప్పితే ఆ తర్వాత చేసేదంతా ఊహే అవుతుంది. మామూలు సెట్టింగులతో పరీక్షిస్తే ఫలితం మనల్ని మోసం చేస్తుంది. ఎందుకంటే వేడి పెరగగానే ఫ్యాన్లు తమంతట తామే వేగం పెంచుకుంటాయి, ఉష్ణోగ్రత మాత్రం అక్కడక్కడే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు తన పరిమితికి చేరితే క్లాక్ (పనిచేసే వేగం) కూడా తగ్గించుకుంటుంది. అప్పుడు మనం చేసిన మార్పు వల్ల మేలు జరిగిందో కీడు జరిగిందో డిగ్రీల్లో తెలియదు. అందుకే అన్నిటినీ కట్టిపడేశాను. క్యాబినెట్ ఫ్యాన్లు 1,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), ప్రాసెసర్ ఫ్యాన్ 1,200, కార్డు ఫ్యాన్లు 65 శాతం. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే ఫర్‌మార్క్, రెండూ ఒకేసారి 25 నిమిషాలు నడిపి, చివరి ఐదు నిమిషాల సగటును ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రాంలో చూసి రాసుకున్నాను. పది నిమిషాలకే ఆపేస్తే కుదరదు. చిప్ నిమిషంలో వేడెక్కుతుంది గానీ క్యాబినెట్ లోపలి గాలి, లోహం, చిప్ వేడిని పీల్చే హీట్‌సింకులు ఒక స్థితికి రావడానికి చాలా సమయం పడుతుంది. ముందు ప్యానెల్‌కు అడుగు దూరంలో ఒక థర్మామీటర్ పెట్టాను. గది 29 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నప్పుడే పరీక్ష. గది రెండు డిగ్రీలు వేడెక్కితే లోపలి అంకెలూ దాదాపు అంతే పెరుగుతాయి కాబట్టి, ఉదయం ఒక మార్పు, మిట్టమధ్యాహ్నం ఇంకో మార్పు చేసి పోల్చడంలో అర్థం లేదు.

మొదటి లెక్క: గ్రాఫిక్స్ కార్డు 81, ప్రాసెసర్ 84. సైడ్ ప్యానెల్ తీసి, ఇంకేమీ మార్చకుండా మళ్లీ నడిపితే 72, 77. అంటే కూలర్లలో లోపం లేదు, చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ బాగానే ఉంది, లోపలికి చల్లగాలి అందడం లేదంతే. ప్యానెల్ తీసినా అంకెలు కదలకపోతే ఫ్యాన్ల జోలికి పోకుండా కూలర్ బిగింపు, పేస్ట్, హీట్‌సింకులో దుమ్ము చూసుకోవాలి. అరగంట పనే గానీ, చాలామంది దీన్ని వదిలేసి నేరుగా ఫ్యాన్లు కొంటారు.

ఎంత గాలి కావాలో కాగితం మీద వేసుకోవచ్చు. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,200 జౌళ్లు పడతాయి. ఈ మెషీన్ పూర్తి లోడులో లోపల వదిలే వేడి 380 వాట్ల దాకా ఉంటుంది. లోపలికి వచ్చిన గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి పోవాలంటే నిమిషానికి దాదాపు 1.9 ఘనపు మీటర్లు కావాలి, అంటే 67 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). ఫ్యాన్ పెట్టె మీద ఒక్కదానికే 60 సీఎఫ్‌ఎం అని ఉంటుంది కదా, ఇంకేం అనుకుంటాం. ఆ అంకె పూర్తి వేగంలో, ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పుడు వచ్చేది. 1,500 తిరిగే ఫ్యాన్‌ను 1,000కి తగ్గిస్తే అది 40 అవుతుంది. దాని ముందు దుమ్మును ఆపే జాలీ, జాలీ ముందు మూసిన ప్యానెల్ పెడితే అందులో సగం వచ్చినా గొప్పే. పైగా వేగం సగానికి తగ్గితే గాలి సగమే తగ్గుతుంది గానీ, గాలిని నెట్టే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు జాలీ దగ్గర చతికిలపడడానికి కారణం ఇదే.

తర్వాత దిశ. ఫ్యాన్‌కు మోటారును పట్టి ఉంచే అడ్డకమ్మీలు, స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. రెక్కలు తెరిచి కనిపించే వైపు నుంచి లోపలికి పోతుంది. కొన్ని ఫ్రేముల అంచున బాణం గుర్తులుంటాయి. కంటితో చూసి ఊరుకోకుండా సెంటీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవున టిష్యూ కాగితం చింపి, అన్నీ మూసి నడుస్తుండగా ప్రతి రంధ్రం దగ్గరా పట్టుకుని చూశాను. ఫ్యాన్లన్నీ సరైన దిశలోనే ఉన్నాయి. అసలు సంగతి వెనక బయటపడింది. గ్రాఫిక్స్ కార్డు పోర్టుల కింద, ఖాళీ స్లాట్ల సందుల దగ్గర పెట్టిన కాగితం లోపలికి అతుక్కుంది. బయటికి తోసేవి మూడు, లోపలికి లాగేవి రెండు, ఆ రెండింటికీ జాలీ అడ్డం. లోటు గాలిని క్యాబినెట్ వెనక సందుల నుంచి పీల్చుకుంటోంది. వెనక ఫ్యాన్ అప్పుడే వదిలిన వేడిగాలి తిరుగుతుండేది అక్కడే, దుమ్ముకు జాలీ లేనిదీ అక్కడే.

ఒకసారికి ఒకే మార్పు. ముందు వైపు అడుగు ఫ్యాన్ వెనకే హార్డ్ డిస్క్ పంజరం ఉంది, అందులో ఒకే డిస్క్, చుట్టూ పవర్ కేబుళ్ల ముద్ద. డిస్క్‌ను మదర్‌బోర్డు పళ్లెం వెనక్కి మార్చి, పంజరం నాలుగు స్క్రూలు విప్పి తీసేశాను. కార్డు 78కి వచ్చింది, ప్రాసెసర్ 83. కార్డుకు తిండి పెట్టేది ఆ అడుగు ఫ్యానే మరి. కేబుళ్లను అందంగా సర్దితే వేడి తగ్గుతుందన్న మాట మాత్రం నేను పెద్దగా నమ్మను. ఫ్యాన్‌కు ఎదురుగా ముద్దగా లేకపోతే చాలు.

రెండోది, పైన ముందువైపున్న ఫ్యాన్. దీన్ని తీసేస్తే బయటికి పోయే గాలి తగ్గి వేడి పెరగాలి అనిపిస్తుంది. పెరగలేదు. ప్రాసెసర్ 80కి, కార్డు 77కి దిగాయి. ముందు నుంచి లోపలికి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ కూలర్ దాకా వెళ్లకముందే ఆ ఫ్యాన్ దాన్ని పైకి లాగేసి బయట పారేస్తోంది. వేడిగాలి సహజంగా పైకి పోతుంది కాబట్టి పైన ఎన్ని ఉంటే అంత మంచిదనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇంత చిన్న పెట్టెలో వేడిగాలి పైకి తేలే బలం, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ బలం ముందు కూడా లెక్కలోకి రాదు. గాలి ఏ దారిన పోవాలో ఫ్యాన్లే నిర్ణయిస్తాయి.

ఆ తీసిన ఫ్యాన్‌నే తెచ్చి ముందు మూడో స్థానంలో, కూలర్‌కు ఎదురుగా, లోపలికి లాగేటట్టు బిగించాను. పైన ఖాళీ అయిన చోటు నుంచి గాలి జారిపోకుండా అట్టముక్క కోసి మూశాను. ప్రాసెసర్ 77, కార్డు 76. ప్యానెల్ తీసినప్పుడు వచ్చిన అంకెను ప్రాసెసర్ అందుకుంది. కార్డే ఇంకా 4 డిగ్రీలు వెనకబడింది.

ముందు ప్యానెల్ పూర్తిగా పీకేసి నడిపితే కార్డు 71. దొంగ దొరికాడు. ఎదురుగా మూసి, పక్కల 8 మిల్లీమీటర్ల చీలికలున్న ప్యానెల్ అది. ఆ చీలికలకు ఒక జాలీ, లోపల ఫ్యాన్ల ముందు ఇంకో జాలీ. రెండు జాలీలు అనవసరం. లోపలిది తీసేస్తే 74. ఇంకో దొంగ కూడా ఉన్నాడు. ఫ్యాన్ల చుట్టూ ఇనుప చట్రంలో వాడని రంధ్రాలున్నాయి. ప్యానెల్ బిగుతుగా ఉన్నప్పుడు ఫ్యాన్ ముందు ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, లోపలికి తోసిన గాలి ఆ రంధ్రాల గుండా తిరిగి ముందుకొచ్చి మళ్లీ అదే ఫ్యాన్‌లోకి పోతుంది. అక్కడ టిష్యూ ముక్క పెడితే బయటి వైపుకి ఊగింది. కిటికీ తలుపులకు వాడే స్పాంజ్ పట్టీ కత్తిరించి ఆ రంధ్రాలు మూశాను. 73. ఇంకో రెండు డిగ్రీల కోసం ప్యానెల్‌ను కోసి మెష్ పెట్టాలి. అంత అవసరం అనిపించలేదు.

చివరగా, పైన వెనకవైపు ఫ్యాన్ కనెక్టర్ లాగి చూశాను. కార్డులో తేడా లేదు, ప్రాసెసర్ ఒక డిగ్రీ పెరిగింది. ఒక్క డిగ్రీ కోసం ఒక ఫ్యాన్ చప్పుడు భరించడం నష్టపు బేరం. దాన్నీ విప్పేశాను, ఆ రంధ్రాలను మాత్రం తెరిచే ఉంచాను. ఇప్పుడు వెనక స్లాట్ల దగ్గర కాగితం బయటికి ఊగుతోంది.

ఇక వైర్ల గొడవ. ముందు మూడింటిని స్ప్లిటర్‌తో (ఒక తీగను మూడుగా చీల్చేది) మదర్‌బోర్డు మీద ఒకే హెడర్‌కు, అంటే ఫ్యాన్ తగిలించే పిన్నుల చోటుకు, కలిపితే రెండు మాట విన్నాయి, ఒకటి పూర్తి వేగంతో గోల పెట్టింది. అది మూడు పిన్నుల ఫ్యాన్. దానికి నాలుగో పిన్ను, అంటే ఎంత వేగంతో తిరగాలో చెప్పే పీడబ్ల్యూఎం సంకేతం అందే దారి, లేదు. పీడబ్ల్యూఎం మోడ్‌లో ఎప్పుడూ 12 వోల్టులే వస్తాయి కాబట్టి తగ్గడం దాని చేతుల్లో లేదు. బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాం) ఆ హెడర్‌ను డీసీ మోడ్‌కు మారిస్తే వోల్టేజీ తగ్గించి మూడింటినీ అదుపు చేస్తుంది. నాలుగు పిన్నులవి కూడా డీసీలో చక్కగానే తిరుగుతాయి, కాకపోతే మరీ కిందికి దించితే కొన్ని ఫ్యాన్లు అసలు మొదలవ్వవు. అందుకే కనిష్ఠం 45 శాతం దగ్గర ఆపాను. సాధారణంగా ఒక హెడర్ ఒక ఆంపియర్ దాకా మోస్తుంది. ఫ్యాన్ స్టిక్కర్ మీద ఆంపియర్లు రాసి ఉంటాయి, కూడుకుని చూడాలి. ఇవి ఒక్కొక్కటి 0.2, మూడూ కలిసి 0.6. స్ప్లిటర్‌లో వేగం చదివే తీగ ఒక్క ఫ్యాన్ నుంచే వస్తుంది. మిగతా రెండింట్లో ఒకటి ఆగిపోయినా స్క్రీన్ మీద తెలియదు, అప్పుడప్పుడూ కంటితో చూసుకోవాలి.

ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత గీయడంలో అందరూ చేసే పొరపాటు, క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కట్టడం. బ్రౌజర్ తెరవగానే ప్రాసెసర్ క్షణంలో 15 డిగ్రీలు ఎగిరి పడుతుంది, దాంతోపాటు ఫ్యాన్లూ రొప్పుతాయి. నా క్యాబినెట్‌లో ఎక్కువ వేడి వచ్చేది కార్డు నుంచి, దాని ఉష్ణోగ్రత మామూలుగా బయాస్‌కు తెలియదు. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ప్రోగ్రాంతో ముందు ఫ్యాన్లను కార్డుకు కట్టాను: 50 డిగ్రీల దాకా 600 ఆర్‌పీఎం, 75 దగ్గర 1,100, మధ్యలో వాలు గీత. ప్రాసెసర్ ఫ్యాన్, వెనక ఫ్యాన్ బయాస్ చేతిలోనే ఉన్నాయి, వేగం మారడానికి ముందు కొన్ని సెకన్లు ఆగేటట్టు పెట్టి. విండోస్ హ్యాంగ్ అయినా ప్రాసెసర్‌కు ప్రమాదం ఉండకూడదు కదా.

అన్నీ అయ్యాక 900 ఆర్‌పీఎం దగ్గర ఒక గుయ్‌మనే మోత మిగిలింది, తగ్గుతూ పెరుగుతూ. రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంతో, పది ఇరవై తేడాతో తిరిగితే వచ్చే మోత అది. వెనకదాన్ని ముందువాటికంటే 100 ఆర్‌పీఎం కిందికి దించితే పోయింది. జాలీని నెలకోసారి కడుగుతున్నాను. ఫ్యాన్ల మీద దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకుని ఊదాలి. గాలికి దాన్ని వదిలేస్తే ఉండాల్సిన వేగాన్ని మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది.