టేబుల్ మీద జాంగు

దక్షిణ కొరియాలోని సువన్‌లో మా టీమ్ డిన్నర్. హోటల్ టీవీలో కొరియా పాప్ బృందం బీటీఎస్ వాళ్ళ ‘ఐడల్’ పాట వస్తోంది. నోరు ఊరుకోక, “ఇందులో కొరియాది ఏముంది సార్, బీటంతా ఆఫ్రికాదేగా” అన్నాను.

మా టీమ్ లీడర్‌కి కోపమొచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, ఎడమచేత్తో చెంచా, కుడిచేత్తో చాప్‌స్టిక్కు పట్టుకుని టేబుల్ అంచు మీద మొదలెట్టారు. రెండూ ఒకేసారి పడితే డొంగ్. చెంచా ఒక్కటే అయితే కుంగ్. పుల్ల చివర దొర్లితే డొరొరొ. అవి కొరియా డోలు జాంగు జతులు. వాటినే పాటలో నోటితో పలుకుతారు. బడిలో సంగీతం క్లాసులో నేర్చుకున్నారట. “మీ ఊళ్ళో డోలు ఉండదా? నీకు వచ్చా?”

ఉంది సార్, డప్పు ఉంది. కానీ మా ఇళ్ళల్లో ఎవరూ ముట్టుకోరని ఆయనకి ఏ భాషలో చెప్పను? నవ్వేసి ఊరుకున్నాను.

నాకూ మండింది. 2018 నాటి ఆ పాటకి ఊపిచ్చింది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టిన గ్కోమ్ అనే డాన్స్ సంగీతం. స్టెప్పుల్లో కొరియా ముసుగు నాట్యం ఎంత ఉందో, దక్షిణాఫ్రికా గ్వారా గ్వారా డాన్స్ కూడా అంతే ఉంది. డర్బన్ సంగతి ఈయనకి తెలియనే తెలియదు. నన్ను మాత్రం నిలదీస్తారు!

అయినా ఆ ప్రశ్న వదల్లేదు. ఇక్కడ కొరియాలో మాత్రం అంతా సవ్యంగా ఉండేదా? ఊరూరా తిరిగి వాయించిన నామ్‌సాదాంగ్ బృందాల వాళ్ళని పాతకాలపు జోసన్ రాజ్యంలో అట్టడుగునే ఉంచారు. పాడుతూ కథ చెప్పే పాన్సోరి గాయకులదీ అదే గతి. ఆ ఊరూరా తిరిగిన వాయిద్యాలే 1978లో సియోల్‌లో సాముల్‌నోరి అనే వాద్యబృందం పేరుతో రంగస్థలం ఎక్కాయి. 1993లో కొరియా పాప్ గాయకుడు సొ తేజీ బృందం ర్యాప్, రాక్ కలిసిన పాటలో తేప్యోంగ్‌సో అనే ఊదే వాయిద్యం ఊదించింది. అది మన సన్నాయికి చుట్టమే. ఇప్పుడు ఏ ఇంటి పిల్లాడైనా జాంగు పట్టుకోవచ్చు.

మనకి మాత్రం ఏం తక్కువ? తీన్‌మార్ పడితే బరాత్‌లో పెద్దమనుషులు కూడా కండువా నడుముకి చుట్టి ఎగురుతారు. సినిమాలో ‘మాస్ బీట్’ అంటే డప్పే. ఎగరడానికి అందరం ముందుంటాం. కొట్టేవాళ్ళకి భోజనం పెట్టే దగ్గరే లెక్కలు మొదలవుతాయి.

ఆదివారం అక్కకి ఫోన్ చేశాను. మేనల్లుడు కీబోర్డు క్లాసుకి వెళ్తున్నాడట, ఫీజు బాగానే గుంజుతున్నారట. డప్పు నేర్పించకూడదా అన్నాను.

“వాడికెందుకురా అది? నీకు అక్కడ పనేం లేదా?” అంది.