అటక పైన వాసాలు

టెక్కలి దగ్గర పల్లెలో మావయ్య వాళ్ళ పెంకుటిల్లు విప్పేస్తామంటే, ఇళ్ళ ప్లాన్లు గీసేవాణ్ణి కదా అని నన్ను పిలిచారు. 2018లో తిత్లీ తుఫానుకి పెంకులు లేచిపోయాక సగం కప్పుకి రేకులు వేశారు. నేను అటకెక్కి టార్చి వేసి చూస్తుంటే కింద నుంచి మావయ్య, "ఏట్రా అంతసేపు? మసి తప్ప ఏటుందక్కడ?" అన్నాడు.

ఆ మసి కోసమే ఎక్కాను. పడకగది మీద వాసాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి కిందున్న అటక చెక్కలకి మాత్రం మసే లేదు. అంటే ఒకప్పుడు పొయ్యి ఈ గదిలోనే ఉండేది, పొగ తిన్నగా కప్పుకే పోయేది. పొయ్యి వెనక్కి మారాకే అటక వచ్చింది.

ఇలా చూడటం నాకు ఇంగ్లండు పాత కర్ర ఇళ్ళ గురించి చదివి అలవాటైంది. ససెక్స్, కెంట్ వైపు 15వ శతాబ్దం నాటి రైతుల ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఓక్ కర్రల చట్రం, కప్పు దాకా ఖాళీగా ఉండే హాలు, దాని మధ్యన నేల మీదే పొయ్యి. చిమ్నీ లేదు, పొగ కప్పు సందుల్లోంచి పోవాల్సిందే. 16వ శతాబ్దం నుంచి ఇటుక చిమ్నీలు కట్టుకున్నారు. పొగ బాధ తప్పాక హాలుకి అడ్డంగా చెక్క అంతస్తు వేసి పైన గదులు చేసుకున్నారు. ఆ తర్వాతి వాళ్ళు కొన్నిచోట్ల ముందువైపు ఇటుక గోడ కట్టేశారు. వీధిలోంచి చూస్తే ఇల్లు వయసు రెండు మూడొందల ఏళ్ళు తగ్గిపోతుంది!

గోడలు మనకి కొత్తేం కాదు. చట్రం మధ్యన కొమ్మలతో తడిక అల్లి, బంకమన్ను, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు.

ఇంకో గుర్తు, పని లేని బెజ్జాలు. అక్కడ దూలానికి అలాంటివి కనిపిస్తే పాత ఓడ కర్ర అనేస్తుంటారు. చాలాసార్లు అది ఆ ఇంట్లోనే తీసేసిన గోడ తాలూకు గుర్తు, లేదా ఇంకో పాత ఇంటి కర్ర. మావయ్య వాళ్ళ వసారా దూలం అడుగునా వరసగా బెజ్జాలున్నాయి. అడిగితే, "తడిక ఉండీది. అవతల ఆవుల్ని కట్టీవోరు" అన్నాడు.

1896లో ఇంగ్లండులో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ మొట్టమొదట కొన్న కట్టడం ఆల్‌ఫ్రిస్టన్‌లో ఇలాంటి పాడుబడ్డ ఇల్లే, 10 పౌండ్లకి. ఈ మాట చెబితే మావయ్య, "కర్ర వేపారి నాకు అంతకంటే ఎక్కువే ఇస్తానన్నాడు" అని నవ్వేశాడు.

విప్పే ముందు ప్రతి దూలానికీ, స్తంభానికీ సుద్దతో నెంబర్లు వేయమని వడ్రంగికి చెప్పాను. ఓక్ ఇళ్ళ వడ్రంగులు ఏ కర్ర ఎక్కడ అతకాలో తెలియడానికి రోమన్ అంకెల్లాంటి గీతలు చెక్కేవారు. దూలాలు కొత్త ఇంటి వసారాకి వాడదామంటే మావయ్య సరేనన్నాడు. అత్తయ్య మాత్రం వసారాకీ స్లాబే కావాలంటోంది. ఆ పంచాయితీ ఇంకా తేలలేదు.