కొబ్బరినూనె సీసాలో రెండు పొరలు

సంక్రాంతి ముందు అమలాపురంలో ఓ పొద్దున్న, అరుగు మీదున్న కొబ్బరినూనె సీసా చూపించి మా అమ్మాయి, "నాన్నా, ఇది సజాతీయ మిశ్రమమా, విజాతీయమా?" అంది. పరీక్షల టెన్షన్ పాపం.

అడుగున తెల్లగా పేరుకుంది, పైన తేటగా ఉంది. ఆ క్షణానికి విజాతీయమే, రెండు భాగాలు కంటికే కనిపిస్తున్నాయిగా! మామూలుగా అయితే నూనె సజాతీయం. అది ఒకే పదార్థం కాదు, రకరకాల ట్రైగ్లిజరైడ్ల (అంటే కొవ్వు అణువుల) కలగలుపు, కానీ అవన్నీ అణువుల స్థాయిలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఏ చుక్క తీసినా ఒకేలా ఉంటుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, అదీ అంతా ఒకేసారి కాదు, ఎక్కువ వేడికి గాని కరగనివి ముందు పేరుకుంటాయి. సీసా ఎండలో పెడితే కాసేపటికి మళ్లీ అంతా తేటే.

గానుగలో అప్పుడే ఆడించిన పప్పునూనె సంగతి వేరు. కలకగా ఉంటుంది, నువ్వుల నలకలు తేలుతుంటాయి, అచ్చంగా విజాతీయం. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. మా అమ్మ ఆవకాయకి పైతేట మాత్రమే వంచేది, మడ్డి కదిలిందో, నాకు తిట్లే.