బ్రహ్మోస్ మీద ఎర్ర సిరా

చిన్నోడు మన దేశం క్షిపణుల మీద వేసిన చార్టు ఇవాళ స్కూలు నుంచి తిరిగొచ్చింది. రెండు చోట్ల ఎర్ర సిరా. పదకొండు దాటింది, నాకు నిద్ర రావడం లేదు.

అసలు ఆ బంగారు రంగు చార్టు కోసం గేట్‌బజార్‌లో నాలుగు షాపులు తిరిగింది నేను. ఏది ఎంత దూరం పోతుందో, ఆకాశ్ పక్కన 25 కిలోమీటర్లు, నాగ్ పక్కన 4, అగ్ని-5 పక్కన 5,000 పైన అని వాడే రాసుకున్నాడు. నాగ్ ఎదురుగా వేసిన ట్యాంకు మాత్రం మన బరంపురం ఆటోలా ఉంది.

మొదటి గీత బ్రహ్మోస్ మీద. క్రూజ్ అని రాస్తే కొట్టేసి బాలిస్టిక్ అని దిద్దారు! సాయంత్రమంతా వంటింట్లో నాది ఇదే గోల. అత్తయ్య వంకాయలు తరుగుతూ "రెంటికీ తేడా ఏటమ్మా?" అన్నారు. మామిడికాయకి రాయి విసురుతామా, చెయ్యి వదిలాక దాని దారిన అది పోయి పడుతుంది. అగ్ని, పృథ్వి ఆ రకం. క్రూజ్ అయితే కోడిపిల్ల కోసం గద్ద వచ్చినట్టు, దారంతా ఎగురుతూనే వస్తుంది, ఇంజను ఆగదు. బ్రహ్మోస్ అయితే ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగం. "అయితే గద్దే డేంజరు" అన్నారు అత్తయ్య. ఆవిడకి వంకాయలు తరిగేలోపు అర్థమైంది.

రెండో ఎర్ర సున్నా పృథ్వి దగ్గర. మొదట ఒడిశాలో బాలాసోర్ పక్కనున్న క్షిపణి పరీక్షల చోటు చాందీపూర్‌లో ప్రయోగించారని రాశాడు. అలా రాయమన్నది నేనే. చాందీపూర్ గురించి నాకు ఎవరో చెప్పాలా? 1989లో నాన్నకి బాలాసోర్ రైల్వేలో డ్యూటీ. ఏప్రిల్ 20న అగ్ని అన్నారు, ఆగిపోయింది. మే 1న అన్నారు, మళ్లీ ఆగింది. పరీక్ష అంటే చాలు, దగ్గర ఊళ్లు ఖాళీ చేయించేవారు. మా పాలాయనది అటువైపే. పాలు రాక అమ్మ చిరాకు, టీ లేక నాన్న చిరాకు. చివరికి మే 22 పొద్దున కాలనీ అంతా డాబాల మీద. నేను నోట్లో పళ్లపొడితో పెరట్లో ఉన్నా. అరుపులు విని పరిగెత్తేసరికి మిగిలింది తెల్లటి పొగ చార. ఆ కాసేపు పాల సంగతి అమ్మకి కూడా గుర్తులేదు.

ఇది రాస్తూ ఇప్పుడే వెతికి చూశాను. పృథ్వి మొదట ఎగిరింది 1988 ఫిబ్రవరిలో, శ్రీహరికోట నుంచి. నేను చూసిన పొగ అగ్నిది. సున్నా సరిగ్గానే చుట్టారు.

రేపు స్కూలుకి వెళ్లి గట్టిగా అడుగుదామనుకున్నా. మా ఆయన అప్పుడే "అర మార్కు కోసమా" అని అటు తిరిగి పడుకున్నారు. బ్రహ్మోస్ సంగతి వదలబుద్ధి కావడం లేదు. కానీ పృథ్వి ఎవరు చెప్పారని అడిగితే చిన్నోడు అక్కడే నా వైపు చెయ్యి చూపిస్తాడు.