మామతో వాదన

2025 జూన్‌లో సెలవు మీద చిత్తూరు వచ్చినప్పుడు మామకు ఫోన్ చేశాను. "ఇంట్లో లేనబ్బోడా, మామిడికాయల లోడుతో పల్ప్ ఫ్యాక్టరీ దగ్గర ఉండా. నిన్న సాయంత్రం నుంచి ట్రాక్టరు కదల్లేదు" అన్నాడు. బైకేసుకుని అక్కడికే పోయాను.

సొంత మామేం కాదు. పలమనేరు పక్క మనిషి. కువైట్‌లో ఏడేళ్లు ఒకే రూములో ఉన్నాం, అందరికంటే పెద్దవాడని అందరం మామా అనేవాళ్లం. అలాంటి మనిషిని నేనొకసారి నలుగురి ముందు "కంపెనీ కుక్క" అన్నాను.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. ఏళ్లుగా ఉన్న రూలు. 2016 జూలైలో అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. నాది స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టడాలకు ఇనప పైపులతో పరంజా కట్టడం. మధ్యాహ్నం ఇనప పైపు పట్టుకుంటే గ్లౌజు ఉన్నా చెయ్యి చురుక్కుమంటుంది. ఆ రూలే లేకపోతే మా గతేంటని నా భయం. ఒక శుక్రవారం పప్పుకు తాలింపు పెడుతూ మామ "ఆ రూలు తీసేస్తేనే మేలురా" అన్నాడు. ఎందుకంటున్నావని అడిగినా పోయేది. అడగలేదు, నోరు జారాను.

మామ ఒక్క మాటా తిరిగి అనలేదు. పప్పు దించి అందరికీ వడ్డించాడు, నాకు కూడా. నా ప్లేటులో మాత్రం నెయ్యి పడలేదు.

రెండు నెలలు ముక్తసరి మాటలే. మరుసటి వేసవి నన్ను మామ పనిచేసే సైటుకే మార్చారు. ఎడారి వైపు, క్యాంపు నుంచి బస్సులో గంటన్నర. రాత్రి రెండున్నరకే లేవాలి. ఐదు నుంచి పదకొండు దాకా పని. తర్వాత ఐదు గంటలు బస్సు వెనక్కి తీసుకుపోదు. సగం కట్టిన శ్లాబు కింద అట్టలు పరుచుకుని పడుకోవడం, వేడిగాలికి నిద్ర పట్టదు. మళ్లీ నాలుగు నుంచి ఆరు. రూముకు చేరేసరికి ఏడున్నర దాటేది. జీతం మాత్రం ఎనిమిది గంటలకే. మూడో రోజుకు నాకు తల తిరిగింది.

"రూలు తప్పు కాదు మామా, బస్సు తప్పు" అన్నాను.

"అది అడిగుంటే ఆ పొద్దే చెప్పుండేవాణ్ణి కదరా" అన్నాడు. అయినా ఆయన మాట ఆయనదే, నా మాట నాదే. రూలు ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను. ఇద్దరం కలిసి ఫోర్‌మన్ దగ్గరికి పోతే బస్సు ఇవ్వలేదు కానీ, రెండు పెద్ద ఫ్యాన్లు, చల్లనీళ్ల ట్యాంకు పెట్టించాడు. క్షమాపణ లాంటిది నేను చెప్పనే లేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరస కనుచూపు మేర ఉంది. అన్నీ తోతాపురి కాయలే, ఎండకు పైవరస మెత్తబడుతోంది. కిలోకు 12 రూపాయలని సర్కారు చెప్పింది, ఫ్యాక్టరీ 8 ఇస్తే మిగతా 4 సర్కారు కలుపుతుందట. కోతకూలీ, ట్రాక్టరు బాడుగ పోతే ఏం మిగులుతుందని నాకు ఒళ్లు మండింది. "ఒక్క రకాన్నే నమ్ముకుని..." దాకా వచ్చింది. తర్వాతి మాట మింగేసి, "ఇంకా ఈ చెట్లనే ఎందుకు పెట్టుకున్నావు మామా?" అన్నాను.

మామ ట్రాలీ నీడలో గోనెసంచి పరిచాడు. "మామిడి నీళ్లు అడగదబ్బా. బోరెండినా బతుకుతుంది. టమాటా పెడితే రోజు మార్చి రోజు కొయ్యాల. నువ్వు కువైట్‌లో, నా కొడుకు బెంగళూరులో. ఎవురు కోస్తారు?"

ఇది నాకు తట్టని సంగతి. అయినా పూర్తిగా ఒప్పుకోలేకపోయాను, ధర పడితే ఊరంతా ఒకేసారి పడుతుంది కదా అన్నాను. మామ కొడవలితో ఒక దోరకాయ చీల్చి, ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టాడు.

"సరే, కొట్టేస్తా. కొట్టేసి ఏం పెట్టమంటావో చెప్పు, వింటా."

కాయ నోట్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాను. ముందున్న ట్రాక్టరు స్టార్టయింది.