కరివేపాకు పాత పేరుకే తిరిగొచ్చింది: మిద్దెతోట చీటీల మీద ఏం రాసుకోవాలి

కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రాయా కోనిగీ అనే మనమంతా బడిలో చదువుకున్నాం. ఇప్పుడు లండన్ క్యూ ఉద్యానవనం వారి జాబితా తెరిస్తే అక్కడ బెర్గెరా కోనిగీ అని ఉంటుంది. వినడానికి కొత్తగా ఉన్నా అసలు మొదటి పేరు ఇదే. 1771లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టింది బెర్గెరా కోనిగీయే. 1825లో స్ప్రెంగెల్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని తీసుకెళ్లి ముర్రాయాలో కలిపాడు. ఆ పేరు దాదాపు రెండు వందల ఏళ్లు నడిచింది. జన్యువులు పోల్చి చూశాక తేలిందేమంటే, తోటల కంచెకు వేసే తెల్లపూల కామినీ, అంటే ముర్రాయా పానిక్యులాటా, నిమ్మకు దగ్గరి చుట్టం. కరివేపాకు ఆ కొమ్మది కాదు, అదే నిమ్మ కుటుంబంలోని క్లాసేనా అనే ఇంకో గుంపు వైపుది. కాయ చూసినా తేడా తెలుస్తుంది. కామినీ కాయ పండితే ఎరుపు, కరివేపాకు కాయ పండితే నలుపు.

ఆ రెండో మాట కోనిగీ ఎవరిదో మన తెలుగువాళ్లకు తెలియాలి. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. ఆర్కాటు నవాబు దగ్గరా, తర్వాత మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దగ్గరా పనిచేశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. చెట్టు ముందు మాట అటు పోయి ఇటు వచ్చినా ఆయన పేరు మాత్రం కదల్లేదు. పేర్లు మారినప్పుడు పట్టుకోవాల్సిన కొస ఇదే. ముందు మాట, అంటే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు మారుతుంది, రెండో మాట చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. వెతికేటప్పుడు దాన్నే వెతకాలి.

ఒక హెచ్చరిక. పురుగులు పేర్లు చదవవు. నిమ్మజాతి చెట్లను పీల్చే సిల్లిడ్ పురుగు కామినీ మీదా, కరివేపాకు మీదా, నిమ్మ మీదా బతుకుతుంది. కరివేపాకు ముర్రాయా నుంచి బయటపడిందని మిద్దె మీద నిమ్మ కుండీ పక్కనే పెడితే లేత చిగుళ్లు ముడుచుకుపోవడం రెండింటిలోనూ చూస్తారు. కొత్త చిగురు వచ్చే రోజుల్లో ఆకు వెనక చూడండి. పసుపుపచ్చ గుడ్లు, మైనం పోగుల్లాంటి తెల్లటి విసర్జన కనిపిస్తే ఆ చిగురును కత్తిరించి సంచిలో కట్టి పారేయండి, కుండీలో మాత్రం వేయకండి.

బెంగళూరు నర్సరీల్లో ఎక్కువ గందరగోళం స్నేక్ ప్లాంట్ దగ్గర. చీటీ మీద సాన్సివేరియా, యాప్‌లో డ్రసీనా. రెండూ ఒకటే. 2017లో సాన్సివేరియా ట్రైఫేసియేటా కాస్తా డ్రసీనా ట్రైఫేసియేటా అయింది. పూర్తి పేరు రాసేటప్పుడు చివర బ్రాకెట్లో ప్రెయిన్ అనీ, బయట మాబ్ (మాబర్లీకి కుదింపు) అనీ ఉంటుంది. బ్రాకెట్లో ఉన్నాయన మొదట పేరు పెట్టినవాడు, బయట ఉన్నాయన దాన్ని కొత్త ప్రజాతిలోకి మార్చినవాడు. ఈ ప్రెయిన్ అంటే కలకత్తా తోటను నడిపిన డేవిడ్ ప్రెయిన్. 1903లో బెంగాల్ మొక్కల మీద రాసిన పుస్తకంలో ఆ పేరు పెట్టాడు. బ్రాకెట్ కనబడితే చాలు, ఈ మొక్కకు ఇంకో పాత పేరు ఉందని అర్థం.

ఇదే గుంపులో ఒక తిరకాసు ఉంది. గుండ్రటి కర్రల్లాంటి ఆకులుండే సాన్సివేరియా సిలిండ్రికా డ్రసీనాలోకి వస్తే డ్రసీనా సిలిండ్రికా కావాలి కదా? కాలేదు. ఆ పేరు అప్పటికే ఇంకో మొక్కకు ఉంది. ఒకే పేరు ఇద్దరికి చెల్లదు కాబట్టి దీనికి డ్రసీనా అంగోలెన్సిస్ అనే పేరు దక్కింది. రోజ్‌మేరీదీ ఇదే కథ. రోస్మరైనస్ అఫిసినాలిస్‌ను 2017లో సాల్వియాలో కలిపారు. సాల్వియా అఫిసినాలిస్ అప్పటికే సేజ్‌ది. అందుకని రోజ్‌మేరీ పేరు సాల్వియా రోస్మరైనస్. రెండో మాటతో వెతకడం పనిచేయని చోట్లు ఇలాంటివే. అక్కడ పాత పేరు పూర్తిగా కొట్టి పర్యాయనామాల (అదే మొక్కకున్న ఇతర పేర్ల) వరస చూడాలి.

పేరుతోపాటు సాగు కూడా మార్చేయాలనుకోవడం పెద్ద పొరపాటు. సాల్వియా అన్నారు కదా అని కుంకుమ రంగు పూల సాల్వియాకు పోసినట్టు రోజ్‌మేరీకి రోజూ నీళ్లు పోస్తే జూన్ నుంచి అక్టోబరు మధ్య వేరు కుళ్లి పోతుంది. బెంగళూరు చలికి ఇది హాయిగా బతుకుతుంది, చంపేది తడి. ఎర్రమట్టి 4 పాళ్లు, ముతక ఇసుక లేదా పెర్లైట్ 4 పాళ్లు, వర్మీకంపోస్టు 2 పాళ్లు. కోకోపీట్ వద్దు, వానాకాలంలో అది ఆరదు. పూయని లేత కొమ్మను 8–10 సెంటీమీటర్లు కోసి, కింది సగం ఆకులు దూసి నాటాలి. ముదిరి చెక్కబారిన కొమ్మ వేరు పట్టడం కష్టం.

స్నేక్ ప్లాంట్ ఆకును 7–8 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, కింది కొస కిందికే ఉండేలా గుచ్చితే వేళ్లొస్తాయి. తలకిందులుగా గుచ్చితే రావు. అందుకే కోసేటప్పుడే కింది కొసన చిన్న గాటు పెట్టుకోవాలి. ఇదీ డ్రసీనాయేనని లక్కీ బాంబూ ఆకునో, పొడవాటి డ్రసీనా ఆకునో ఇలా గుచ్చితే కుళ్లడం తప్ప ఏమీ జరగదు. వాటికి కాండం ముక్కలే కావాలి. ఇంకోటి, పసుపు అంచున్న లారెంటై రకం ఆకు ముక్క నుంచి వచ్చే పిల్ల పచ్చగానే వస్తుంది. ఆ పసుపు అంచు వేరే కణజాలపు పొర, ఆకు ముక్క నుంచి కొత్త మొగ్గ పుట్టేటప్పుడు అది కలిసిరాదు. రంగు కావాలంటే దుంపనే విడదీయాలి. మన పల్లెల్లో నార తీసిన చాగ కూడా ఈ కుటుంబమే. సాన్సివేరియా రాక్స్‌బర్గియానా ఇప్పుడు డ్రసీనా రాక్స్‌బర్గియానా.

కోలియస్ సంగతి నవ్వొస్తుంది. శాస్త్రవేత్తలు 1960ల్లో కోలియస్‌ను రద్దు చేసి ప్లెక్ట్రాంథస్‌లో కలిపారు, కొన్నిటిని సోలెనోస్టెమాన్‌లో పెట్టారు. నర్సరీవాళ్లు మాత్రం ఒక్కరోజు కూడా కోలియస్ అనడం మానలేదు. 2019లో జన్యు ఆధారాలతో కోలియస్‌ను మళ్లీ నిలబెట్టి దాదాపు 300 జాతులను అందులో చేర్చారు. బజ్జీలు వేసుకునే వాము ఆకు ఇప్పుడు కోలియస్ అంబోయినికస్. ఫోర్స్‌కోలిన్ అనే మందు పదార్థం కోసం దుంపలు పండించే రైతులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కోలియస్ ఫోర్స్‌కోహ్లీ, ప్లెక్ట్రాంథస్ బార్బేటస్, కోలియస్ బార్బేటస్ అనే మూడు పేర్లతో కాగితాలు తిరుగుతుంటాయి. మూడు పంటలు కావు, ఒకటే.

మనీప్లాంట్‌ను చూస్తే ఇంకా జాలి. 1880లో పోథోస్, 1908లో సిండాప్సస్, 1963లో రాఫిడోఫోరా, మరుసటి ఏడే ఎపిప్రెమ్నమ్. ఎందుకంటే అది దాదాపు పూయదు. పువ్వు లేకపోతే ఏ ప్రజాతో తేల్చడం కష్టం. దాని ఒంట్లో జిబ్బెరెల్లిన్ అనే హార్మోను తయారీ సరిగ్గా సాగకపోవడమే పూయకపోవడానికి కారణం.

ఇక బెంగళూరు వీధుల్ని ఫిబ్రవరి మార్చిలో గులాబీ రంగు చేసే టబెబూయా. 2007లో గ్రోస్, ఓల్మ్‌స్టెడ్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఈ ప్రజాతిని మూడుగా విడదీశారు. టబెబూయా అలాగే ఉంది, పక్కన హాండ్రోయాంథస్, రోసియోడెండ్రాన్ వచ్చాయి. ఫొటోలు పెట్టేవాళ్లు పసుపు పూలన్నీ హాండ్రోయాంథస్, గులాబీవన్నీ టబెబూయా అని సూత్రం చేసేసుకున్నారు. అది తప్పు. ఊళ్లో విరివిగా కనిపించే పసుపు చెట్టు, వెండి పూత పూసినట్టు బూడిద రంగు ఆకులు, బెండులాంటి గరుకు బెరడు ఉండేది, టబెబూయా ఆరియా. అది మారలేదు. గులాబీ టబెబూయా రోజియా కూడా మారలేదు. మారింది ముదురు గులాబీ పూల ఇంపెటిజినోసా, పసుపు పూల క్రిసాంథా. ఇవి హాండ్రోయాంథస్ ఇంపెటిజినోసస్, హాండ్రోయాంథస్ క్రిసాంథస్ అయ్యాయి.

రంగు చూసి కాదు, భూతద్దం పెట్టి తేల్చాలి. 10 రెట్ల చేతి అద్దం చాలు. రాలిన ఆకో, పువ్వు కింది గిన్నెలాంటి రక్షకపత్రావళో తీసుకుని వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. నూగు వెంట్రుకలు కనిపిస్తే హాండ్రోయాంథస్. చేప పొలుసుల్లాంటి చిన్న బిళ్లలు కనిపిస్తే టబెబూయా. రోడ్డు పక్క ఆకు మీద దుమ్ము పేరుకుని వెంట్రుకల్లా భ్రమపెడుతుంది, ముందు నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. రక్షకపత్రావళి పువ్వు రేకులాగే పలుచగా ఉంటే అది రోసియోడెండ్రాన్. హాండ్రోయాంథస్ చేవ చాలా బరువు, లాపకాల్ అనే పదార్థం దండిగా ఉంటుంది. కలప వ్యాపారానికి దీని మీదే కన్ను. 2022లో పనామాలో జరిగిన సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో లాటిన్ అమెరికా నుంచి వచ్చే ఈ చెట్ల కలపను రెండో అనుబంధంలో, అంటే వ్యాపారంపై అదుపు ఉండే జాబితాలో, చేర్చినప్పుడు మూడు ప్రజాతుల పేర్లూ విడివిడిగా రాశారు. ఒక్క పాత పేరే రాసి ఉంటే సందు దొరికేది.

మాట చివర ఎందుకు మారిందని అడుగుతారు. లాటిన్‌లో ప్రజాతి పేరుకు లింగం ఉంటుంది. టబెబూయా స్త్రీలింగం, హాండ్రోయాంథస్ పుంలింగం. విశేషణమైతే దానికి తగ్గట్టు మారాలి. కోనిగీ లాంటివి ‘కోనిగ్ గారి’ అని అర్థమిచ్చేవి కాబట్టి మారవు. వెతికేటప్పుడు చివరి రెండక్షరాలు వదిలేసి కొడితే ఈ బాధ ఉండదు.

తుమ్మల తగువు వేరు. అక్కడ జన్యువులు విడదీస్తే, ఓటింగు పేరు తీసుకెళ్లింది. అకేసియాను ముక్కలు చేయక తప్పదని తేలాక, పేరు ఏ ముక్కకు ఉండాలనే వాదన వచ్చింది. నియమం ప్రకారం మన నల్లతుమ్మకే ఉండాలి, టైప్, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనా జాతి, అదే. కానీ ఆస్ట్రేలియా ముక్కలో వెయ్యికి దగ్గరగా జాతులున్నాయి. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ టైప్‌ను ఆస్ట్రేలియా చెట్టుకు మార్చింది, 2011లో మెల్‌బోర్న్ మహాసభ దాన్నే ఖాయం చేసింది. లెక్క ప్రకారం సబబే కావచ్చు, నల్లతుమ్మకు మాత్రం అన్యాయమే. ఫలితంగా బెంగళూరు రోడ్ల పక్క నాటిన ఆస్ట్రేలియా చెట్టు అకేసియా ఆరిక్యులిఫార్మిస్ పేరు నిలిచింది, నల్లతుమ్మ వాచెల్లియా నైలోటికా అయింది. చండ్ర సెనెగాలియా కేటెచూ. శీకాయ సెనెగాలియా రుగేటా, పొడి పొట్లాల మీద ఇప్పటికీ అకేసియా కన్సిన్నా అనే అచ్చు వేస్తున్నారు. కణుపు దగ్గర జంటగా నిటారు ముళ్లుంటే వాచెల్లియా, కొక్కేల్లా వంగి గీరుకుంటే సెనెగాలియా.

2022లో ప్రోసోపిస్‌నూ చీల్చారు. ఈసారి మన జమ్మికి న్యాయం జరిగింది. తెలంగాణ రాష్ట్ర వృక్షం ప్రోసోపిస్ సినరేరియాగానే మిగిలింది. సర్కారు తుమ్మ, ఇక్కడి కన్నడిగులు బళ్ళారి జాలి అనేది, నెల్టుమా జూలిఫ్లోరా అయింది. దసరాకు ఆకు తెచ్చేవాళ్లు ఈ రెండింటినీ కలగలిపేస్తుంటారు. జమ్మికి ముళ్లు కణుపుల మధ్య కాండమంతా చెదురుగా ఉంటాయి. సర్కారు తుమ్మకు కణుపు దగ్గరే ఉంటాయి.

కొన్ని మార్పులు పాతబడ్డాయి, ఇంకా బోర్డుల మీదికి ఎక్కలేదు. తంగేడు కేసియా కాదు, సెన్నా ఆరిక్యులేటా. రేల మాత్రం కేసియా ఫిస్టులాయే, దాని పువ్వులో మూడు కేసరాలు పొడవుగా వంకర తిరిగి ఉంటాయి, తంగేడులో ఆ వంపు ఉండదు. నిమ్మవాసన యూకలిప్టస్ 1995 నుంచి కొరింబియా సిట్రియోడోరా. అవరెకాయ మేళాల్లో మన చిత్తూరు, అనంతపురంవాళ్లు అనపకాయ అని కొనుక్కునేది డోలికోస్ కాదు, లాబ్‌లాబ్ పర్పూరియస్. ఉలవలు మాక్రోటైలోమా యూనిఫ్లోరం. విత్తనాల ప్యాకెట్ మీద రెండింటికీ డోలికోస్ అని ఉంటే మొక్క అలవాటు అడిగి కొనండి, చిక్కుడులా పందిరి ఎక్కేది లాబ్‌లాబ్.

పేరు సరిచూసుకోవాలంటే ముందు క్యూ వారి ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్‌లో పాత పేరు కొట్టండి. అది పర్యాయనామం అయితే ఒప్పుకున్న పేరు అక్కడే చూపిస్తుంది. ఎవరు, ఏ ఏడాది, ఎక్కడ ప్రచురించారో ఐపీఎన్ఐలో (మొక్కల పేర్ల అంతర్జాతీయ సూచికలో) దొరుకుతుంది. వరల్డ్ ఫ్లోరా ఆన్‌లైన్ అనే మరో జాబితా ఇంకో పేరు చూపిస్తే కంగారు పడకండి. పేరు నియమం ప్రకారం ప్రచురితమైందా అనేదే మొక్కల పేర్ల నియమావళి తేలుస్తుంది, ఏ వర్గీకరణ ఒప్పుకోవాలనేది వృక్షశాస్త్రవేత్తల అభిప్రాయం. ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లను టబెబూయా విషయంలో అస్సలు నమ్మకండి, అవి రంగు చూస్తాయి గానీ పొలుసులు చూడవు.

చీటీకి 10 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల వెడల్పు చాలు. మొదటి వరసలో తెలుగు పేరు, రెండో వరసలో ఇప్పటి శాస్త్రీయ నామం, మూడో వరసలో సమాన గుర్తు పెట్టి పాత పేరు. పాత పేరు వదిలేస్తే పదేళ్ల కిందటి సాగు పుస్తకాల్లో ఆ మొక్క మీకు దొరకదు. వెనక తెచ్చిన నెల, సంవత్సరం. పర్మనెంట్ మార్కర్ అని అమ్మేది బెంగళూరు ఎండకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. ప్లాస్టిక్ పట్టీని గరుకు కాగితంతో ఒకసారి రుద్ది మామూలు పెన్సిల్‌తో రాస్తే ఏళ్ల తరబడి ఉంటుంది, పేరు మారితే రబ్బరుతో చెరుపుకోవచ్చు. పెద్ద చెట్లకు పలుచటి అల్యూమినియం రేకు మీద రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి రాయండి. వైరుతో కట్టేటప్పుడు మాత్రం రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి, కాండం లావెక్కితే వైరు బెరడులోకి దిగబడుతుంది.