సీసాలూ తగ్గాలి, సలహాలూ తగ్గాలి

విశాఖలో మే నెల ఉక్కకి మొహం తుడుచుకున్న కాసేపటికే మళ్లీ జిడ్డు తేలుతుంది. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా టీనేజ్ అమ్మాయికి మొటిమలు ఎక్కువ. సెలవులకి ఎంవీపీ కాలనీలో అమ్మమ్మగారింటికి వస్తూ సంచీ నిండా సీసాలు తెచ్చుకుంది. టోనర్, సీరమ్‌లు, మృతచర్మం తీసే ఎక్స్‌ఫోలియేటర్, ఇంకా ఏవేవో. అన్నీ వీడియోలు చూసి కొన్నవే. పూటకి అరగంట అద్దం ముందే గడిచిపోయేది.

ఇక్కడికొచ్చాక మా అమ్మ సున్నిపిండి కలిపింది. పక్కింటి పిన్నిగారు నిమ్మరసం రాయమన్నారు. వచ్చినవాళ్లంతా గుమ్మంలోనే "ఏటే తల్లీ, మొహం నిండా ఇలా వచ్చేశాయేటి?" అనేవారు. అది ప్రేమతో అడిగేదేనని నాకు తెలుసు. కానీ ఎదురుగా మొహం గురించి మాట్లాడటం అలవాటు లేని పిల్ల, భోజనాలకి పిలిస్తే రానని గదిలో కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

చర్మం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, సీసాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూశారు. సగం వాటిలో సాలిసిలిక్, గ్లైకోలిక్ లాంటి యాసిడ్‌లే. ఒక్కటైతే పనికొస్తుంది, అన్నీ కలిస్తే చర్మం పైపొర దెబ్బతిని మండుతుందన్నారు. చివరికి మిగిలినవి నాలుగు. రెండు పూటలా మైల్డ్ ఫేస్‌వాష్, నూనె లేని మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రాత్రి మొటిమల మందు అడాపలీన్ 0.1 శాతం జెల్. ఈ జెల్ అమెరికాలో 2016 నుంచి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. బఠానీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి, మొదట్లో రోజు విడిచి రోజు. ఉన్న మొటిమ మీద చుక్క పెడితే చాలదు, కొత్తవి రాకుండా ఆపడమే దాని అసలు పని. మొదటి వారాల్లో చర్మం పొడిబారుతుంది, మొటిమలు పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. గుణం తెలియాలంటే రెండు మూడు నెలలు ఆగాలి. పిల్లలు వదిలేసేది సరిగ్గా ఈ మధ్యలోనే.

అమ్మకి నచ్చజెప్పడానికి టైమ్ పట్టింది. "మీ అందరికీ నలుగు పెట్టే కదే పెంచాను" అంది. నిజమే. అందుకే ఆదివారం తలంటు, ఒంటికి నలుగు అలాగే ఉంచాం, మొహం మాత్రం వదిలేయమన్నాం. వాచిన మొటిమల మీద రుద్దితే ఇంకా రేగుతాయి. తలకి రాసిన కొబ్బరినూనె నుదుటి మీదకి జారినా మొటిమలొస్తాయి కాబట్టి, నూనె పెట్టాక జుట్టు వెనక్కి లాగి కట్టి, నుదురు శుభ్రంగా తుడుస్తోంది. మనవరాలి కోసం ఇదంతా ఎంత శ్రద్ధగా చేస్తోందో!

చుట్టాల నోళ్లు మూయించలేం. పిల్లకే ఒక జవాబు నేర్పాను: "మందు వాడుతున్నాను అత్తా, తగ్గడానికి మూణ్ణెల్లు పడుతుందంట." తెలుగులో తనే చెప్పేసరికి అవతలివాళ్లు "అలాగా తల్లీ" అని ఊరుకుంటున్నారు, మాట చదువు మీదకి మళ్లుతోంది. మొటిమలింకా ఉన్నాయి. అయినా పెళ్లి భోజనాలకి మాతో వస్తోంది.